కామెంటరీ బాక్స్ నుంచి శాసనసభ దాకా: నవజ్యోత్ సింగ్ సిద్ధూ ప్రస్థానంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఐపీఎల్ మొదలై హిందీ కామెంటరీలో మాజీ టెస్టు ఓపెనర్, పంజాబ్ మాజీ మంత్రి సిద్ధూ గొంతు వినపడితే చాలు, హైదరాబాద్‌లో మా చుట్టుపక్కల ఇవే ప్రశ్నలు. "ఈయన మంత్రి కదా, ఇక్కడేం చేస్తున్నాడు?" అని ఒకరు, "మన ఎమ్మెల్యేలు కూడా ఇలా చేయొచ్చా?" అని ఇంకొకరు. ఎన్నికలొస్తే ఇవే ప్రశ్నలు తిరగేసి అడుగుతారు. మన ఎల్బీ స్టేడియం దగ్గర్నుంచి నడుచుకుంటూ శాసనసభకు వెళ్లొచ్చు. కానీ మైకు పట్టుకునే పనికీ నియోజకవర్గం చూసుకునే పనికీ మధ్య ఎంత దూరం ఉందో ఓపిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. అందుకే పదే పదే వచ్చే సందేహాలను ఒకచోట చేర్చాను. ఎవరికి కావాల్సిన ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లిపోవచ్చు.

## ఆటగాడిగా

సిద్ధూ నిజంగా పెద్ద బ్యాట్స్‌మనేనా, లేక మాటలతోనే పేరొచ్చిందా?

పెద్ద బ్యాట్స్‌మనే. 51 టెస్టుల్లో 3,202 పరుగులు, 9 సెంచరీలు, 42కు పైగా సగటు. 136 వన్డేల్లో 4,413 పరుగులు, 6 సెంచరీలు. 1983లో వెస్టిండీస్ మీద టెస్టుల్లోకి వచ్చి, రెండు మ్యాచ్‌లకే జట్టులో చోటు పోగొట్టుకున్నారు. షాట్లు ఆడలేడని పేపర్లు రాశాయి. నాలుగేళ్ల తర్వాత 1987 ప్రపంచకప్‌లో చెన్నైలో ఆస్ట్రేలియా మీద తన తొలి వన్డే ఆడి, 5 సిక్సర్లతో 73 కొట్టారు. 1997లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పదకొండు గంటలకు పైగా క్రీజులో నిలబడి 201 చేసిందీ ఈయనే. కామెంటరీలో ఆయన వేగం మాత్రమే విన్నవాళ్లకు ఈ ఓపిక ఊహకు అందదు. 1999 డిసెంబర్‌లో ఆటకు వీడ్కోలు పలికారు.

అజహర్‌తో పడక ఇంగ్లండ్ టూర్ మధ్యలో వచ్చేసింది ఈయనేనా?

ఈయనే. 1996లో కెప్టెన్ మన హైదరాబాదీ మహమ్మద్ అజహరుద్దీన్. ఆయనతో విభేదాలొచ్చి, టెస్టులు మొదలుకాకముందే సిద్ధూ ఇంటికి తిరిగొచ్చేశారు. అంతకు కొన్ని నెలల ముందే బెంగళూరులో పాకిస్తాన్‌తో జరిగిన ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో 93 చేసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యారు. అలాంటి ఊపులో ఉన్న ఓపెనర్ పెట్టె సర్దుకుని వచ్చేయడం అప్పట్లో పెద్ద దుమారం. మనసు నొచ్చుకుంటే పదవి వదిలేసి నడిచిపోయే ఈ లక్షణం తర్వాత రాజకీయాల్లోనూ పోలేదు.

## మైకు పట్టాక

కామెంటరీలోకి ఎప్పుడొచ్చారు?

2001లో, భారత జట్టు శ్రీలంక వెళ్లినప్పుడు. ఆట మానేసి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. అంటే ఆయన ముందు కామెంటేటర్, ఆ తర్వాతే రాజకీయ నాయకుడు. 2004లో తొలి ఎన్నిక నాటికి టీవీలో ఆయన మాట తీరు ఇంటింటికీ తెలిసిపోయింది. తొలినాళ్లలో ఇంగ్లిష్‌లో, తర్వాత ఎక్కువగా హిందీలో చెప్పారు.

అంత గలగలా ఎలా మాట్లాడతారు? ముందే రాసుకుంటారా?

వింటే ఎవరికైనా అర్థమవుతుంది, సామెతలు, షాయరీలు, పోలికలు బోలెడు దగ్గర పెట్టుకుని వస్తారు. సందర్భం దొరకగానే ఒకటి వదులుతారు. అందులో తప్పేమీ లేదు, మన అవధానుల ధారణ కూడా ఒక కసరత్తే. చిక్కంతా ఎక్కడంటే, సిద్ధం చేసుకున్న మాట పూర్తయ్యేలోపు తర్వాతి బంతి పడిపోతుంది. తెలుగులో కామెంటరీ నేర్చుకోవాలనుకునే పిల్లలు ఆయన నిఘంటువును అనుకరిస్తారు. నేనైతే ఆయన ఓపెనర్ కళ్లను గమనించమంటాను. స్పిన్నర్ చేతిలోంచి బంతి వదిలేముందే బ్యాట్స్‌మన్ పాదం ఎటు కదిలిందో ఆయన చెప్పే తీరు చూడండి. 1998లో చెన్నై టెస్టులో షేన్ వార్న్‌ను ముందుకొచ్చి కొట్టిన మనిషి చెప్పే మాట అది. దానికి విలువ వేరు.

కామెంటరీ అంటే కూర్చుని మాట్లాడటమేగా? ఎమ్మెల్యే పనితో పాటు చేస్తే ఏం పోయింది?

ఆ పనిని దగ్గర్నుంచి చూడనివాళ్లే ఇలా అడుగుతారు. బాక్స్‌లో ఒక్కో జంటకు సాధారణంగా అరగంట వంతు ఉంటుంది. చెవిలో హెడ్‌ఫోన్. అందులో ఒకపక్క తోటి కామెంటేటర్ గొంతు, ఇంకోపక్క ప్రొడ్యూసర్ ఆదేశాలు. ఓవర్ చివరి బంతి పడగానే ప్రకటనకు వెళ్లాలి కాబట్టి చెవిలో అంకెలు వెనక్కి లెక్కపెడుతుంటారు. సున్నా వచ్చేసరికి వాక్యం ముగిసిపోవాలి, మధ్యలో తెగకూడదు. ముందున్న తెర మీద రీప్లే నడుస్తుంటే పక్కన స్కోరు పట్టిక మారుతుంటుంది. వంతు అయిపోయినా పని అయిపోదు, మ్యాచ్‌కు ముందూ తర్వాతా స్టూడియోలో కూర్చోవాలి. ప్రాంతీయ భాషల కామెంటరీ చాలావరకు స్టేడియంలో కాకుండా వేరే నగరంలోని స్టూడియోలో తెర చూస్తూ చెబుతారు. ఐపీఎల్ అయితే అది రెండు నెలల వ్యవహారం.

అదే రెండు నెలలు ఏప్రిల్, మే. మన దగ్గర మంచినీటి ఎద్దడి ముదిరే నెలలు. ట్యాంకర్ రాలేదని బస్తీ ఆడవాళ్లు ఎమ్మెల్యే ఇంటి ముందు బిందెలతో నిలబడితే, "సార్ ముంబైలో ఉన్నారు" అనే జవాబు పీఏ ఎన్ని రోజులు చెప్పగలడు?

కామెడీ షోలో పగలబడి నవ్వే సిద్ధూ, ఈ సిద్ధూ ఒకరేనా?

ఒకరే. 2005లో ఒక హాస్య పోటీ కార్యక్రమానికి జడ్జిగా మొదలుపెట్టి, తర్వాత కపిల్ శర్మ షోలలో ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చున్నారు. "ఠోకో తాలీ" అనే ఊతపదం అక్కడే పాపులర్ అయింది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తర్వాత ఆయన చేసిన వ్యాఖ్యలపై ఆగ్రహం చెలరేగి ఆ కుర్చీ పోయింది, అర్చనా పూరణ్ సింగ్ వచ్చారు.

## పార్లమెంటులో

మొదట ఎమ్మెల్యేనా, ఎంపీనా?

ఎంపీ. చాలామంది దీన్ని తారుమారు చేసుకుంటారు. 2004లో బీజేపీ తరఫున అమృత్‌సర్‌లో నిలబడి, ఆరుసార్లు ఎంపీగా గెలిచిన కాంగ్రెస్ నాయకుడు ఆర్.ఎల్. భాటియాను లక్షకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. 2007 ఉప ఎన్నికలో మెజారిటీ 77 వేలు దాటింది. 2009కి వచ్చేసరికి 6,858 ఓట్లతో బయటపడ్డారు.

ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అనిపించేది ఒక్కటే. టీవీ ముఖం మొదటి గెలుపును తెచ్చిపెడుతుంది, మూడో గెలుపు నాటికి జనం వేరే లెక్కలు తీస్తారు. ఎంపీ ఊళ్లో కనపడటం లేదన్న ఫిర్యాదు అమృత్‌సర్‌లో అప్పటికే గట్టిగా వినిపించేది. పొత్తులు, అభ్యర్థులు, రాష్ట్రంలో గాలి వంటి కారణాలు కూడా ఉంటాయి గానీ, కనపడకపోవడాన్ని చిన్నదిగా కొట్టిపారేయలేం.

కోర్టు మూడేళ్ల శిక్ష వేశాక కూడా మళ్లీ ఎలా పోటీ చేశారు?

1988లో పటియాలాలో రోడ్డు మీద జరిగిన గొడవలో ఒక వృద్ధుడు చనిపోయారు. 1999లో కింది కోర్టు సిద్ధూను నిర్దోషి అంది. 2006 డిసెంబర్‌లో పంజాబ్ హర్యానా హైకోర్టు మాత్రం దోషి అని తేల్చి మూడేళ్ల శిక్ష వేసింది. అప్పటి చట్టం ప్రకారం పదవిలో ఉన్న ఎంపీ అప్పీలు వేసుకుంటే సీటు వెంటనే పోదు. అయినా ఆయన లోక్‌సభకు రాజీనామా చేశారు. 2007 జనవరిలో సుప్రీంకోర్టు దోషిత్వంపై స్టే ఇవ్వడంతో పోటీకి దారి తెరుచుకుంది.

పదవిలో ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు ఇచ్చిన సెక్షన్‌ను 2013 జులై 10న లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈ రోజుల్లో రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే సభ్యత్వం అప్పటికప్పుడే పోతుంది.

2014లో గెలిచే సీటు ఉండి కూడా ఎందుకు నిలబడలేదు?

పార్టీ అమృత్‌సర్‌ను అరుణ్ జైట్లీకి ఇచ్చింది. అమృత్‌సర్ తప్ప ఇంకెక్కడా పోటీ చేయనని సిద్ధూ తేల్చిచెప్పారు. జైట్లీ అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి అమరీందర్ సింగ్ చేతిలో లక్షకు పైగా ఓట్లతో ఓడారు.

రాజ్యసభకు నామినేట్ అయి మూడు నెలలకే ఎందుకు వదిలేశారు?

2016 ఏప్రిల్‌లో రాష్ట్రపతి నామినేట్ చేసిన వాళ్లలో ఆయనా, మేరీ కోమ్ కూడా ఉన్నారు. జులై 18న రాజీనామా చేశారు. పంజాబ్‌కు దూరంగా ఉండమన్నారని, అది తనకు సాధ్యం కాదని విలేకరులతో చెప్పారు. ఆ సెప్టెంబర్‌లో హాకీ మాజీ కెప్టెన్ పర్గట్ సింగ్ వంటి వారితో కలిసి "ఆవాజ్-ఎ-పంజాబ్" పెట్టారు. 2017 జనవరికల్లా కాంగ్రెస్‌లో చేరారు.

## శాసనసభలో

ఎమ్మెల్యేగా ఎక్కడ, ఎన్నాళ్లు?

అమృత్‌సర్ ఈస్ట్, 2017 నుంచి 2022 వరకు, ఒక్క విడత. మెజారిటీ 42,809. ఆయన కంటే ముందు ఆ సీటు భార్య నవజ్యోత్ కౌర్ సిద్ధూది. ఆమె 2012లో బీజేపీ నుంచి గెలిచారు. పంజాబ్ శాసనసభలో 117 సీట్లు, అంటే మన తెలంగాణ కంటే రెండే తక్కువ. 2017 మార్చిలో స్థానిక సంస్థలు, పర్యాటకం, సాంస్కృతిక వ్యవహారాల శాఖలతో మంత్రి అయ్యారు.

మంత్రిగా ఉంటూ టీవీ షో చేయడం చట్టవిరుద్ధం కాదా?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

2017లో గొడవ లేచింది క్రికెట్ కామెంటరీ గురించి కాదు, కామెడీ షో గురించి. పగలు సచివాలయంలో పని చూసుకుని, సాయంత్రం విమానంలో ముంబై వెళ్లి, రాత్రి షూటింగ్ చేసి తెల్లారేసరికి వచ్చేస్తాననేది ఆయన వాదన. ముఖ్యమంత్రి అమరీందర్ సింగ్ అడ్వకేట్ జనరల్ అభిప్రాయం అడిగారు. చట్టపరంగా అడ్డు లేదని జవాబు వచ్చింది.

ఎందుకు లేదు? రాజ్యాంగంలోని 191వ అధికరణం "లాభదాయక పదవి"ని నిషేధిస్తుంది గానీ, అది ప్రభుత్వం కింద ఉండే పదవి గురించి. ప్రైవేటు చానల్ ఇచ్చే పారితోషికం అందులోకి రాదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 9ఏ సెక్షన్ అడ్డుపడేది ప్రభుత్వానికి సరుకులు సరఫరా చేసే, పనులు చేసిపెట్టే కాంట్రాక్టులకు. మంత్రులకు కేంద్రం రూపొందించిన ప్రవర్తనా నియమావళి ఒకటుంది. పదవిలోకి వచ్చాక వ్యాపారాల నిర్వహణతో సంబంధం తెంచుకోవాలని అది చెబుతుంది. షోలో కూర్చోవడం వ్యాపార నిర్వహణా అంటే, కాదనే చెప్పాలి.

ఎమ్మెల్యేలకైతే ఇంకా వెసులుబాటు ఉంది. ఎంపీలు, ఎమ్మెల్యేలు లాయర్లుగా ప్రాక్టీసు చేసుకోవచ్చని 2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టే చెప్పింది. పశ్చిమ బెంగాల్‌లో మనోజ్ తివారీ క్రీడా శాఖ సహాయమంత్రిగా ఉంటూనే 2022లో రంజీ ఆడి సెంచరీ కొట్టారు.

కాబట్టి చట్టం ఆపదు. కానీ మున్సిపాలిటీల మంత్రి అంటే డ్రైనేజీ, చెత్త, మంచినీరు, వీధిదీపాలు. వాటికి రాత్రీ పగలూ తేడా లేదు. ఆ శాఖ ఒప్పుకున్నాక రాత్రిళ్లు వేరే ఊళ్లో గడపడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ఓటేసినవాళ్లు జీతం మాత్రమే ఇవ్వడం లేదు, పిలిస్తే పలికే మనిషి కావాలనుకుని ఇస్తున్నారు.

60 రోజులు సభకు రాకపోతే సభ్యత్వం పోతుందట కదా?

190వ అధికరణం నాలుగో క్లాజు ప్రకారం, అనుమతి లేకుండా 60 రోజులు గైర్హాజరైతే ఆ సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు. "ప్రకటించవచ్చు" అనే ఉంది, ప్రకటించి తీరాలని లేదు. పైగా సభ ప్రోరోగ్ అయిన (అంటే సమావేశాలు ముగించిన) రోజులు, వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడ్డ రోజులు లెక్కలోకి రావు. చాలా రాష్ట్రాల్లో శాసనసభ ఏడాది మొత్తం మీద 60 రోజులు కూడా కూర్చోవడం లేదు. అలాంటప్పుడు ఈ నిబంధన ఎవరినైనా పట్టుకోవడం ఎంత కష్టమో మీరే చూడండి. నియోజకవర్గంలో కనపడకపోవడానికైతే అసలు ఏ నిబంధనా లేదు.

మంత్రి పదవి ఎందుకు వదులుకున్నారు?

2019 జూన్‌లో ముఖ్యమంత్రి ఆయన దగ్గర్నుంచి స్థానిక సంస్థల శాఖ తీసేసి విద్యుత్ శాఖ ఇచ్చారు. ఆయన ఆ శాఖ బాధ్యతలు తీసుకోకుండానే జులైలో రాజీనామా చేశారు.

కర్తార్‌పుర్ కారిడార్ ఆయనే తెచ్చారా?

పాకిస్తాన్‌లోని కర్తార్‌పుర్ గురుద్వారాకు మన యాత్రికులు వెళ్లే దారి అది. ఒక్కరే తెచ్చారనడం ఎక్కువ, ఆయనకేం సంబంధం లేదనడం తక్కువ. 2018 ఆగస్టులో పాత స్నేహితుడు ఇమ్రాన్ ఖాన్ ప్రధానిగా ప్రమాణం చేస్తుంటే ఇస్లామాబాద్ వెళ్లారు. అక్కడ పాక్ ఆర్మీ చీఫ్ బాజ్వాను కౌగిలించుకోవడంపై ఇక్కడ మండిపడ్డారు. కారిడార్ మాట అప్పుడే వచ్చిందని ఆయన చెప్పారు. రెండు ప్రభుత్వాలు ఒప్పుకుని పనులు చేస్తేనే 2019 నవంబర్ 9న అది తెరుచుకుంది. క్రికెట్‌లో ఏర్పడ్డ పరిచయం ఒక రాష్ట్ర మంత్రిని ఎంత దూరం తీసుకెళ్లిందో చూడాలంటే మాత్రం ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు.

పీసీసీ అధ్యక్షుడై కూడా 2022లో ఎలా ఓడిపోయారు?

2021 జులైలో పంజాబ్ పీసీసీ అధ్యక్షుడయ్యారు. సెప్టెంబర్ 18న అమరీందర్ రాజీనామా చేశారు, చరణ్‌జీత్ సింగ్ చన్నీ ముఖ్యమంత్రి అయ్యారు. 28న సిద్ధూ కూడా అధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చి తర్వాత వెనక్కి తీసుకున్నారు. సొంత ప్రభుత్వాన్నే రోజూ విమర్శించే అధ్యక్షుడితో పార్టీ ఎన్నికలకు వెళ్లింది. ఆమ్ ఆద్మీ పార్టీ 92 సీట్లు గెలిచింది, కాంగ్రెస్‌కు 18 దక్కాయి. అమృత్‌సర్ ఈస్ట్‌లో అందరి కళ్లూ సిద్ధూ, అకాలీ నేత బిక్రమ్ మజీఠియాల పోరు మీదే. గెలిచింది మాత్రం ఆప్ అభ్యర్థి జీవన్ జ్యోత్ కౌర్, 6,750 ఓట్ల తేడాతో.

జైలుకెళ్లారు కదా, ఇక పోటీ చేయలేరా?

చేయొచ్చు. 1988 నాటి కేసులో 2018లో సుప్రీంకోర్టు 1,000 రూపాయల జరిమానాతో సరిపెట్టింది. 2022 మే 19న ఆ తీర్పును పునఃసమీక్షించి (రివ్యూ) ఒక ఏడాది జైలు వేసింది. పటియాలాలో లొంగిపోయి, 2023 ఏప్రిల్ 1న విడుదలయ్యారు. శిక్ష రెండేళ్లకు తక్కువ కాబట్టి ఆ కేసు వల్ల అనర్హత లేదు.

## మళ్లీ మైకు, మన దగ్గరి సంగతులు

మళ్లీ కామెంటరీకి ఎప్పుడొచ్చారు?

2024 ఐపీఎల్‌తో. అదే సమయంలో లోక్‌సభ ఎన్నికలు జరుగుతున్నాయి. ఆయన పోటీలో లేరు, కామెంటరీ బాక్స్‌లో ఉన్నారు. పదవి లేనప్పుడు ఆయన మాట వింటుంటే నాకు హాయిగా ఉంటుంది. అవతల ఎవరో గడపలో ఎదురుచూస్తున్నారన్న ఆలోచన ఉండదు.

మన తెలుగు కామెంటేటర్లలో ఎవరైనా ఇలా వెళ్లారా?

అంబటి రాయుడు అడుగు పెట్టి వెంటనే వెనక్కి వచ్చారు. 2023 డిసెంబర్ 28న వైసీపీలో చేరి, 2024 జనవరి 6న బయటికొచ్చారు. దుబాయ్ లీగ్‌లో ఆడబోతున్నానని, వృత్తిగా క్రికెట్ ఆడుతున్నప్పుడు రాజకీయాలతో సంబంధం ఉండకూడదని కారణం చెప్పారు. ఆ తర్వాత తెలుగు కామెంటరీలో కనిపించారు. ఎగతాళి చేసినవాళ్లు చాలామందే గానీ, ఎన్నికల్లో గెలిచాక తప్పించుకు తిరగడం కంటే ముందే తేల్చుకోవడం నయమని నేనంటాను.

అజహరుద్దీన్ ఎమ్మెల్యే కాకుండానే మంత్రి ఎలా అయ్యారు?

2009లో ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ నుంచి ఎంపీగా గెలిచిన ఆయన, 2023లో జూబ్లీహిల్స్‌లో ఓడారు. 2025 అక్టోబర్ 31న తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేసేనాటికి ఏ సభలోనూ సభ్యుడు కాదు. 164వ అధికరణం నాలుగో క్లాజు దీన్ని అనుమతిస్తుంది. ఆరు నెలల్లోగా ఏదో ఒక సభలో సభ్యుడు కావాలి, లేకపోతే పదవి పోతుంది.

కామెంటేటర్‌ను గవర్నర్ కోటాలో ఎమ్మెల్సీ చేయొచ్చా?

171వ అధికరణం ఐదో క్లాజులో ఉన్నవి సాహిత్యం, విజ్ఞానశాస్త్రం, కళ, సహకారోద్యమం, సామాజిక సేవ. క్రీడల పేరు అక్కడ లేదు. రాజ్యసభ నామినేషన్లకు వర్తించే 80వ అధికరణంలోనూ లేదు, అయినా 2012లో సచిన్ టెండూల్కర్‌ను నామినేట్ చేశారు. అంటే వ్యాఖ్యానాన్ని కళ కిందో, చేసిన సేవను సామాజిక సేవ కిందో చూపించుకోవాలి. కనీస వయసు 30. మామూలుగా ఎమ్మెల్యేగా పోటీ చేయడానికైతే 25 చాలు.

ఎన్నికల్లో నిలబడిన అభ్యర్థి అదే సమయంలో కామెంటరీ చెప్పొచ్చా?

ప్రైవేటు చానల్‌లో ఆట గురించి మాట్లాడకూడదని చట్టంలో ఎక్కడా లేదు. మైకులో పార్టీ మాటొస్తే మాత్రం అది ప్రచారమే అవుతుంది. పోలింగ్ ముగిసే ముందు 48 గంటల్లో అలాంటిది ప్రసారమైతే ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126వ సెక్షన్ కింద నేరం.

ఇలాంటి అభ్యర్థి మా నియోజకవర్గంలో నిలబడితే ఏం చూసి నిర్ణయించుకోవాలి?

నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అందులో వృత్తి, ఆదాయ మార్గాలు, గత అయిదేళ్ల ఐటీ రిటర్నుల మొత్తాలు, కేసులు ఉంటాయి. చానళ్ల నుంచి వచ్చే ఆదాయమే ప్రధానమైతే ఆ సంగతి అక్కడే తెలిసిపోతుంది. ఇంతకుముందు గెలిచిన మనిషైతే, బూత్ వారీగా ఓట్లు చూపే ఫారం 20లో మీ బస్తీ బూత్‌లో రెండు ఎన్నికల మధ్య ఓట్లు పెరిగాయో తరిగాయో చూడండి. ప్రచారానికి మీ గల్లీకి వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: చానల్‌తో కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉంది, ఆ నెలల్లో మీ ఆఫీసులో మా దరఖాస్తు మీద సంతకం పెట్టేదెవరు?